పేరు పలకకూడని డాక్టరు

నారిన్ నది ఒడ్డునున్న మా చిన్న పట్నానికి ఒక్కటే ఆసుపత్రి. అందులో ఆపరేషన్ల వార్డుకు పెద్ద డాక్టరు ఎసెన్‌కుల్. ఆ వార్డులో నర్సు సైరాకన్‌కు ఆయన స్వయానా బావగారు, భర్తకు అన్న. ఆమెకు ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆమె భర్తను అంబులెన్సు డ్రైవరుగా పెట్టించిందీ ఆయనే.

మాలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకదు. ఆపరేషన్ చేసేది ఎవరని రోగులు అడిగితే సైరాకన్ "పొడుగు డాక్టరు" అనేది. "మీ పొడుగాయనకు అమ్మానాన్నా పేరే పెట్టలేదా?" అని ఆకతాయిలు ఆటపట్టిస్తే నవ్వేసి సూది గుచ్చేది. అదే వార్డులో నేనూ నర్సునే. అక్కడ జరిగినదంతా దగ్గరుండి చూశాను, ఇంట్లో జరిగింది ఆమె చెప్పగా విన్నాను.

ఒక వసంతంలో తుర్గున్‌బాయ్ అనే గొర్రెల కాపరి కడుపునొప్పితో వచ్చాడు. డాక్టరు పొట్ట తెరిచి చూస్తే రాచపుండు అంతటా పాకిపోయి ఉంది. చేసేదేమీ లేక మళ్ళీ కుట్టేశాడు. రాయి తీసేశామని మీ నాన్నతో చెప్పు అని కొడుక్కి చెప్పాడు. మా దగ్గర అలాంటి జబ్బు పేరు రోగి చెవిన పడనివ్వరు. కొడుకు రాయి అన్నాడు. మేమందరం తలలూపాం.

ముసలాయన నమ్మలేదు. మందను కొండమీది పచ్చికకు తోలుకెళ్ళే రోజులు దగ్గర పడుతున్నాయి. తను వెళ్ళగలడో లేదో ఆయనకు తెలియాలి. సైరాకన్ కట్టు మారుస్తుంటే అడిగాడు.

"ఆ రాయేదమ్మా? ఎవరూ చూపించరే?"

అవునూ అనలేదు, కాదూ అనలేదు ఆమె. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూసి, "సరే బిడ్డా, నన్ను కొండకు పంపించమని చెప్పు" అన్నాడు.

ఆమె వెళ్ళి డాక్టరుకు చెప్పింది. ఆయన కోప్పడలేదు. వెనకెప్పుడో ఒక రోగికి నిజం చెప్తే ఆ మనిషి అన్నం మానేశాడనీ, అతని కొడుకులు నడవాలో తన కాలరు పట్టుకున్నారనీ గుర్తు చేసి, ఇంటికి పంపేది లేదన్నాడు. అప్పుడు సైరాకన్ ఆ కాపరి కొడుకును పట్టుకుని, మీ నాన్న ఎక్కడుండాలనుకుంటున్నాడో ఆయన్నే అడుగు అంది. వాళ్ళు ఆయన్ను తీసుకెళ్ళిపోయారు. ఆ వేసవిలోనే తన డేరాలో, మంద పక్కనే పోయాడు.

ఆసుపత్రిలో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అన్నది ఇంట్లో. బంధువులందరూ కూర్చున్నప్పుడు సైరాకన్ టీ పోసి తన అత్తగారైన బాత్మాకు గిన్నె అందించింది. ఆవిడ చెయ్యి చాపలేదు. "నా పెద్దకొడుకును పదిమందిలో చిన్నబుచ్చిన చేత్తో నాకొద్దు" అని పెద్దకోడలిని పోయమంది. సైరాకన్ భర్త తల వంచుకుని రొట్టె తుంచుతూ ఉండిపోయాడు. ఆ వారమే ఆమెను పనిముట్లు కడిగే గదికి మార్చారు. చలికాలమంతా ఆవిరిలో, నీళ్ళలో చేతులు పగిలాయి. రేపు నా బండి తాళాలు కూడా అడిగితే ఏం తిందాం అని భర్త అంటుండేవాడు. మళ్ళీ వార్డులోకి వచ్చాక, ఏ రోగి ఏం అడిగినా "డాక్టరుగారిని అడగండి" అనేది. అంతకు మించి మాట లేదు.

కొన్నేళ్ళకు బాత్మాకే అదే జబ్బు వచ్చింది. కొడుకే కోశాడు, కొడుకే కుట్టాడు. బయటికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కుని, అమ్మకు రాయి అని చెప్పండి అన్నాడు. ఇంటిల్లిపాదీ సరేనన్నారు. భర్త సైరాకన్‌ను పక్కకు లాగి, "ఈసారి మాత్రం వద్దు, నీకు దండం పెడతా" అన్నాడు.

ఒక మధ్యాహ్నం వార్డులో సైరాకన్ అత్తగారికి తల దువ్వుతోంది. నేను పక్క మంచం దగ్గర జ్వరం చూస్తున్నాను.

"ఆ గొర్రెలాయనకు రాయి చూపించలేదటగా. నాకూ చూపించలేదే" అంది బాత్మా.

"బావగారిని అడగండి అత్తయ్యా."

"వాణ్ణి కన్నది నేను. అబద్ధమాడేటప్పుడు వాడి ముఖమెలా ఉంటుందో నాకు తెలీదా? నిన్ను అడుగుతున్నా."

దువ్వెన ఆగిపోయింది. సైరాకన్ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ముసలావిడ "నీ నోరు కుట్టింది నేనే కదా" అని గోడవైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు.

సైరాకన్ నేరుగా డాక్టరు గదికి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. "అత్తయ్య అడుగుతున్నారు బావగారూ. మీరొచ్చి చెప్పండి. లేకపోతే నేను చెప్తాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నావల్ల కాదమ్మా. నువ్వు చెప్తే, అమ్మ పోయాక ఇంట్లోవాళ్ళంతా నువ్వే చంపావంటారు. నేను ఆపలేను."

అది బెదిరింపు కాదు. ఆ ఇల్లు ఎలాంటిదో ఇద్దరికీ తెలుసు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. తిరిగి మంచం దగ్గరికొచ్చేసరికి జ్వరం పెరిగి, బాత్మా ఎప్పుడో పోయిన చెల్లెలిని పిలుస్తోంది. మళ్ళీ మనుషులను గుర్తుపట్టలేదు. ఇంటికి తీసుకెళ్ళారు, అక్కడే పోయింది. ఎవరికేం చెప్పాలనుకుందో, ఎవరితో ఏ మాట తేల్చుకోవాలనుకుందో, అన్నీ ఆమెతోనే పోయాయి.

కర్మకాండలు ముగిశాక సైరాకన్ మళ్ళీ పనిలోకి వచ్చింది. ఇప్పుడు రోగి అడిగితే "డాక్టరుగారిని అడగండి" అనదు. తానే ఆయన గదికి వెళ్ళి, కిటికీ పక్క మంచమాయన అడుగుతున్నారని చెప్పి, గుమ్మంలో నిలబడుతుంది. ఒక్కోసారి ఆయన లేచి వస్తాడు, మంచం అంచున కూర్చుని నిజం చెప్తాడు. ఒక్కోసారి తల ఎత్తకుండా "తర్వాత" అంటాడు. అప్పుడు వెనక్కొచ్చి, "అడిగాను, ఇంకా చెప్పలేదు" అని ఉన్నమాట రోగికి చెప్తుంది. అంతకంటే ముందుకు అడుగు పడదు.

నువ్వే చెప్పేయొచ్చుగా అని ఒకసారి నేనన్నాను.

"చెప్పి ఎక్కడికెళ్ళను?" అంది. కట్టుగుడ్డల డబ్బా తీసుకుని తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.