గ్రాఫిక్స్ కార్డుకు ఊదుబత్తి పొగ

కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు కంప్యూటర్ గురించి అంతా తెలుసని మా కామారెడ్డి జనం నమ్మే రోజులవి. జనం సంగతి సరే, నేనూ నమ్మాను. అందుకే ఎల్లారెడ్డిలో ఒక ఫోటో స్టూడియోలో పెండ్లి వీడియోలు ఎడిట్ చేసే పని దొరికినప్పుడు, "రిపేర్లు గూడ వస్తయా?" అని యజమాని అడిగితే, "వస్తయన్నా" అని తడుముకోకుండా చెప్పేశాను. (నాకు వచ్చిన రిపేరల్లా ఆపి మళ్లీ ఆన్ చేయడం.) ఆయన్ని అందరూ ఫోకస్ అన్న అనేవారు. ఎవరిని ఫోటో తీసినా "జర ఫోకస్ పెట్టుర్రి" అంటూ, తన పని కూడా ఎదుటివాళ్లకే అప్పగించేవాడు.

ఆయన నాకు నేర్పిన మొదటి పని ఎడిటింగ్ కాదు, పూజ. పొద్దున షట్టర్ తీయగానే కంప్యూటర్ డబ్బాకు బొట్టు పెట్టి, ముందున్న జాలీ బొక్కల్లో రెండు ఊదుబత్తులు గుచ్చాలి. లోపలి ఫ్యాన్లు ఆ పొగను సర్రున లాక్కునేవి. "సూసినవా, దేవుడు ఎట్ల తీస్కుంటున్నడో!" అని ఫోకస్ అన్న మురిసిపోయేవాడు. నేను భక్తిలో ఆయన్ని మించిపోయి రెండు బత్తుల్ని నాలుగు చేశాను. (కొత్త ఉద్యోగం కదా.) కోతల కాలంలో స్టూడియో ముందు రోడ్డు మీదే వడ్లు ఆరబోసేవారు. ఆ పొట్టూ దుమ్మూ కూడా దేవుడే తీసుకునేవాడు.

ఇలా ఆరు నెలలు గడిచాక ఒకరోజు ఫోకస్ అన్న బీబీపేటలో పెండ్లికి పోయాడు. స్టూడియోలో నేనొక్కదాన్నే. అంతకుముందు మేం తీసిన ఒక పెండ్లి తాలూకు పెండ్లికొడుకు తల్లి వచ్చి కూర్చుంది. బీడీలు చుట్టే మనిషి, వేళ్లు ఊరికే ఉండవు, కొంగు అంచునే చుడుతోంది. "తెల్లారితే నా కొడుకు దుబాయ్ పోతుండు బిడ్డా. రెండేండ్ల దాక రాడు. పెండ్లి వీడియో ఎంబడి పట్కపోత అంటుండు. ఐదు గంటల బస్సుకు కామారెడ్డి పోయి ఆని చేతుల పెట్టాలె" అంది. అప్పటికి పదకొండయింది. వీడియో మొత్తం ఒక్క ఫైలుగా తయారవడానికి మూడు గంటలు పడుతుంది. సగం అయ్యాక కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. నాకు వచ్చిన ఆ ఒక్క రిపేరూ చేశాను. మళ్లీ ఆగింది. చేయి పెట్టి చూస్తే డబ్బా కాలిపోతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

స్క్రూలు విప్పబోతుంటే "ముందుగాల ప్లగ్గు పీకు తల్లీ!" అని ఆమె కేకేసింది. పీకి, మూత తీశాను. బొమ్మల బరువంతా మోసే గ్రాఫిక్స్ కార్డు కనబడలేదు. దాని చోట నల్ల గొంగడి ముక్కలాంటిదేదో ఉంది. కార్డు ఊడదీసి, పక్కనున్న పంక్చర్ షాపులో గాలి కొట్టించుకొస్తానని లేచాను. "ఆగు! మా తమ్ముడు కూలర్‌కు గట్లనే గాలి కొట్టిచ్చిండు. ఫ్యాను గిర్రున తిరిగి రెక్క ఇరిగి మొకానికి తాకింది. మెత్తటి బ్రష్షు లేదా?" అంది. కెమెరా లెన్సు తుడిచే బ్రష్షు ఇచ్చాను. ఆమె ఒక వేలితో చిన్న ఫ్యాను కదలకుండా ఆనించి పట్టుకుని, రెక్క రెక్కా నిదానంగా దులిపింది. జిగటగా అంటుకున్న మసి ఒక పట్టాన రాలేదు. జాలీ దగ్గర దులుపుతుంటే కాలిన ఊదుబత్తి పుల్ల బయటపడింది.

"ఇదేంది బిడ్డా?"

చెప్పాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "దేవుని ముక్కు ఈడ ఉన్నదనుకున్నరా ఏంది?"

కార్డు బిగించి, మూత తెరిచే ఉంచి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఇద్దరం అన్నం మాట మరిచి తెర మీది అంకెల్నే చూస్తూ కూర్చున్నాం. నాలుగున్నరకు పూర్తయింది. హమ్మయ్య అనుకునేలోపు ఆమె, "నేను ఏడ పడ్డనో జర సూపియ్యి" అంది. వెతికాను. రెండు గంటల వీడియోలో ఒక్కచోట, అక్షింతల పళ్లెంతో సగం భుజం.

"గంతేనా?" అంది. కోపం లేదు. అదే నా ప్రాణం తీసింది. వంటల పందిట్లో కెమెరా ఆపడం మరిచినప్పుడు పడిన ముక్క ఒకటుంది. పొద్దటి నుంచి తినలేదని కొడుకును తిడుతూ, ఆమె ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. వెలుతురు లేదు, మాట సరిగా లేదని నేనే దాన్ని తీసి 'వేస్ట్' అనే ఫోల్డర్‌లో పడేశాను. మళ్లీ కలపాలంటే ఇంకో మూడు గంటలు. బస్సుకు ఉన్నది పావుగంట. వీడియోతో పాటు ఆ ఫోల్డర్‌నూ అలాగే పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇచ్చేశాను. పేరు మార్చాలని కూడా తోచలేదు.

పది రోజులకు దుబాయ్ నుంచి స్టూడియోకు ఫోన్ వచ్చింది. "అక్కా, పెండ్లి వీడియో ఒక్కపారి సూసిన. గా 'వేస్ట్' అని పెట్టినరు సూడు, అది రోజు సూస్తున్న. అన్నం తినేటప్పుడు పెట్టుకుంట."

పక్కనే ఉన్న ఫోకస్ అన్న, "ఏమంటుండు, ఎడిటింగ్ మంచిగున్నదంటనా?" అన్నాడు. "మంచిగున్నదంట" అన్నాను.

ఇప్పుడు కామారెడ్డిలో నాకే ఒక స్టూడియో ఉంది. నెలనెలా డబ్బా విప్పి దులుపుతాను. అప్పుడల్లా ఇరవై ఒక్కేళ్ల ఆ ఎడిటరమ్మ, అంటే అప్పటి నేను, గుర్తొచ్చి నవ్వొస్తుంది. మిగతా పెండ్లిళ్లలో వేస్ట్ అని ఆ పిల్ల పడేసిన ముక్కలన్నీ ఒక్కసారి చూడాలనిపిస్తుంది. అవి ఉన్న హార్డ్ డిస్కులు ఎప్పుడో చెరిపేశాం.