చదవలేని ఫ్లాపీలో పెళ్ళిపాట

దయ్యాలూ భూతాలూ అన్న మాట నా దగ్గర ఎత్తితే ఇప్పటికీ కసురుతాను. ఒంగోలులో ఒక మిషన్ స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేసి రిటైరయ్యాను. "టీచర్, కంప్యూటర్‌కి దయ్యం పట్టింది" అని పిల్లలు పరిగెత్తుకొస్తే, ముందు ప్లగ్గు చూడు తల్లీ, దయ్యం సంగతి తర్వాత చూద్దాం అనేదాన్ని. ప్రతిసారీ ప్లగ్గే అయ్యేది. అలాంటి నేను కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే ఏదోలా ఉంది.

ఎనభైల చివర్లో నాకు జయపాల్‌తో పెళ్ళి కుదిరింది. అతను చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్. తండ్రి లేడు. తల్లి రాహేలమ్మ పక్క పల్లెలో మిరపకోతలకు వెళ్ళి కొడుకుని చదివించింది. జయపాల్ ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. పాటలు కట్టేవాడు. మనిషి నల్లగా, పొడుగ్గా ఉండేవాడు, ఊరికే నవ్వేవాడు. ఆ నవ్వు చూసే నేను ఒప్పుకున్నాను, ఉద్యోగం చూసి కాదు.

మా సంఘంలో పెళ్ళికి కొత్త పాట కట్టడం ఒక ముచ్చట. పెళ్ళికొడుకు వైపు వాళ్ళు కట్టి, పాటల బృందానికి నేర్పి, పెళ్ళిరోజు పాడిస్తారు. పెళ్ళికూతురు మాత్రం ఆ పాటని ముందుగా వినకూడదు. వింటే ఏమవుతుందంటే ఎవరూ చెప్పరు, వినకూడదు అంతే. ఈ విషయంలో రాహేలమ్మది మరీ పట్టుదల. నేను వాళ్ళింటికి వెళ్తే చాలు, జయపాల్ హార్మోనియం మీద దుప్పటి కప్పేసేది.

జయపాల్ ఊరుకునే రకమా? మనుషులు పాడకూడదు గానీ మెషిన్ పాడితే తప్పేముంది అన్నాడు. మిల్లులో ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని, ఆ వరసని కంప్యూటర్ స్పీకర్ మీద వాయించే చిన్న ప్రోగ్రాం రాశాడు. దాన్ని ఫ్లాపీలో పెట్టి, ఒంగోలు బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాడు. నేను బస్టాండుకి వెళ్ళి తెచ్చుకున్నాను. సాయంత్రం అందరూ వెళ్ళాక స్కూల్లో మెషిన్ ఆన్ చేసి ఫ్లాపీ పెట్టాను.

డ్రైవు గరగరమంది. జనరల్ ఫెయిల్యూర్ అని తెర మీద పడింది. కింద ఎప్పటి ప్రశ్నే: అబార్ట్, రీట్రై, ఫెయిల్?

ఇప్పుడు ఎవరి పెన్‌డ్రైవ్ ఎవరి కంప్యూటర్లో పెట్టినా నడుస్తుంది. అప్పుడలా కాదు. మా స్కూలు మెషిన్ డాస్ మీద నడిచేది. మిల్లులోది ఇంకా పాతది, మద్రాసులో సెకండ్ హ్యాండ్‌కి కొన్నది. సీపీ/ఎమ్ అనే వేరే సిస్టమ్ దానిది. ఆ పేరు వినగానే మా నాన్న అదేదో పార్టీ అనుకుని, కుర్రాడు రాజకీయాల్లో తిరుగుతాడా ఏంటని కంగారుపడ్డాడు. రెండు మెషిన్లకీ లోపలి చిప్పులు వేరు, ఫ్లాపీ మీద రాసే పద్ధతి వేరు. ఫ్లాపీ సైజు మాత్రం ఒకటే. ఆ సైజు చూసే మావాడు పప్పులో కాలేశాడు. మిల్లు దాటి ఇంకో కంప్యూటర్ ముఖం అతను చూసింది లేదు మరి.

మిల్లుకి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. నీ ఫ్లాపీని మా మెషిన్ చదవదు, ఒకవేళ చదివినా ఆ ప్రోగ్రాం మా చిప్పుకి ముక్క అర్థం కాదు, ఆపరేటర్‌వి ఆ మాత్రం తెలీదా అన్నాను. అవతల ఒకటే నవ్వు. "సర్లే కరుణా, ఎంతలో ఉంది, పెళ్ళిరోజు విందువులే" అన్నాడు.

ఆ రోజు రాలేదు. పచ్చకామెర్లు ముదిరి, గుంటూరు ఆసుపత్రిలో పోయాడు. పెళ్ళి కార్డులు అప్పటికే పంచేశాం. మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి ఏం చెప్పాలో మా అమ్మకి తోచలేదు. నాకు అసలు ఏడుపే రాలేదు, ఆ ఫ్లాపీ చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని.

మనసు కాస్త కుదుటపడ్డాక మిల్లుకి వెళ్ళాను. ఒక్కసారి ఈ ఫ్లాపీ మీ మెషిన్‌లో పెట్టనివ్వండి అని అడుగుదామని. ఆ మెషిన్ లేదు. పాతది తీసేసి డాస్‌ది కొన్నారు. అప్పటికి అందరూ అటే వచ్చేశారు, మిల్లులు, ఆఫీసులు, కాలేజీలు, అన్నీ డాస్ కంపాటిబుల్. అది మంచిదే. స్టాండర్డ్ అంటూ ఒకటి ఉండాలర్రా, లేకపోతే ఎవరి పని వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది అని ఎన్నేళ్ళు పాఠం చెప్పానో. చెప్పినప్పుడల్లా నాకు ఆ ఫ్లాపీయే గుర్తొచ్చేది. పిల్లలకి తెలీదుగా.

నేను పెళ్ళి చేసుకోలేదు. త్యాగం లాంటి పెద్ద మాటలు వద్దు. ఎవరినీ చేసుకోబుద్ధి కాలేదు, అంతే. రాహేలమ్మని అత్తమ్మా అనే పిలిచేదాన్ని. ఆవిడకి ఆ పాట తెలుసని నాకు తెలుసు. జయపాల్ ఇంట్లో కూనిరాగం తీస్తుంటే వింది. కానీ పెళ్ళి కాని పాట నా నోటితో పాడనని ఒకసారి అనేసింది. ఆ ముఖం చూశాక మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అతను నాకోసం కట్టిన పాట ఎలా ఉంటుందో తెలీకుండానే పోతానేమో అనుకునేదాన్ని. ప్రతి ఏటా అతని పుట్టినరోజున ఆ ఫ్లాపీ స్కూలు మెషిన్‌లో పెట్టడం, గరగర, ఫెయిల్యూర్, తీసి దాచుకోవడం.

కొన్నేళ్ళకి రాహేలమ్మ కంటి ఆపరేషన్‌కి ఒంగోలు వచ్చి నా దగ్గరే ఉంది. ఎండాకాలం సెలవులు. స్కూల్లోకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, ఆ పాత డాస్ మెషిన్ తీసుకెళ్ళడానికి మర్నాడు పాతసామాన్ల అతను వస్తానన్నాడు. చివరిసారి పెట్టి చూద్దామని బయల్దేరుతుంటే, నేనూ వస్తానే అంటూ నల్లద్దాలు పెట్టుకుని వెంటపడింది.

మిట్టమధ్యాహ్నం. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, గదంతా వెలుతురు. స్కూల్లో మేమిద్దరం, గేటు దగ్గర వాచ్‌మన్, అంతే. మెషిన్ ఆన్ చేసి ఫ్లాపీ పెట్టాను. మామూలే, జనరల్ ఫెయిల్యూర్.

"ఏందే, ఏమంటంది?" అంది రాహేలమ్మ.

"మళ్ళీ చూడమంటావా, వదిలేస్తావా అని అడుగుతోంది అత్తమ్మా."

"మళ్ళీ చూడమని చెప్పు."

రీట్రై నొక్కాను. ఈసారి డ్రైవు గరగరలాడలేదు. మెత్తగా తిరిగింది. తెర మీద ఒకే ఒక్క ఫైలు పేరు పడింది: పాట. ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ పేరే కొట్టి ఎంటర్ నొక్కాను. మామూలుగా అయితే మెషిన్ అక్కడే బిగుసుకుపోవాలి.

స్పీకర్లోంచి సన్నగా వరస మొదలైంది. బీప్ శబ్దాలే, అయినా వరస వరసే. పల్లవి ఎత్తుకోగానే రాహేలమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఓరి నాయనా, ఇదేనే! ఇదే మావాడి పాట!" అని దాంతోపాటు తనూ గొంతు కలిపింది. పల్లవి అయ్యి వరస పైకి లేచేసరికి ఆవిడ ఆగిపోయింది. నోరు తెరుచుకుని వింటోంది.

"చరణం కుదర్లేదమ్మా, కుదర్లేదమ్మా అని జుట్టు పీక్కునేవాడే. ఇదుగో, ఎంత బాగా కుదిరిందో చూడు" అని కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు తుడుచుకుంది. కంటికి తడి తగలకూడదని డాక్టర్ చెప్పిన సంగతి నాకూ గుర్తురాలేదు.

చరణం పైకి వెళ్ళి, ఒక చోట ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మెల్లగా దిగి మళ్ళీ పల్లవిలో కలిసింది. పాట అయిపోయింది. వెంటనే ఇంకోసారి కొట్టాను. జనరల్ ఫెయిల్యూర్. సాయంత్రం దాకా రీట్రై నొక్కుతూనే ఉన్నాను. మళ్ళీ పలకలేదు.

ఆ మెషిన్ అమ్మనివ్వలేదు, స్కూలు వాళ్ళనడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదృష్టం కొద్దీ ఎలాగో చదివిందేమో, నాకు తెలీని కిటుకు ఏదో జయపాల్ పెట్టాడేమో. ఫ్లాపీ పంపేముందే చరణం పూర్తి చేసి ఉంటాడు, పాపం. మా ఇద్దరికీ ఆ తృప్తి చాలనిపించింది. రాహేలమ్మ అప్పటినుంచి ఆ పాట నోరారా పాడేది, మాటలు తనే కట్టుకుని. స్త్రీల కూడికలో అందరికీ నేర్పింది.

ఈమధ్య నా పాత స్టూడెంట్ శ్రీలత ఇంటికి వచ్చింది. పాత ఫ్లాపీల్లోంచి సమాచారం బయటికి తీయడం ఆ పిల్లకి ఇష్టమైన పని. నా కథ విని, తన పరికరం తెచ్చి, ఆ ఫ్లాపీని చుక్క వదలకుండా చదివించింది. సీపీ/ఎమ్ మెషిన్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి లాప్‌టాప్‌లో పెట్టి నడిపింది. పల్లవి వచ్చింది.

పల్లవి తర్వాత ఆగిపోయింది.

మిగతాది వెయ్యమన్నాను. "ఇంతే టీచర్, ఇందులో ఇంకేం లేదు" అంది. స్వరాలన్నీ తెర మీద పరిచి చూపించింది. పల్లవి దాకానే ఉన్నాయి. ఆ తర్వాత ఖాళీ. చెరిపేసిన గుర్తు కూడా లేదని, అక్కడ ఎప్పుడూ ఏమీ రాయలేదని చెప్పింది. పైగా ఇది డాస్ మెషిన్‌లో నడిచే అవకాశమే లేదు టీచర్, ఆ సంగతి మాకు నేర్పింది మీరే కదా అంది.

చిలకలూరిపేటకి వెళ్ళి రాహేలమ్మకి చెప్పాను. ఇప్పుడు మంచం దిగలేదు, చెవి మాత్రం పాముచెవి. అంతా విని విసుక్కుంది.

"ఏం చదువులే మీయి! రాయకపోతే ఏమైందే? మనిద్దరం వినలా?"

విన్నాం. అది మాత్రం కాదనలేను. ఫ్లాపీలో లేని చరణం, అతను బతికుండగా కుదరని చరణం, ఇప్పుడు పేటలో ఆడవాళ్ళందరికీ వచ్చు. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలీదు. ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

ఆరోజు రాహేలమ్మ నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, ఎండిన చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "పాడవే" అంది. పల్లవి ఆవిడ ఎత్తుకుంది. చరణం నేను పాడాను.