కంబళి కింద మీటర్లు

ఇరవై ఏళ్ల కిందట పాత కారులో కడప నుంచి కర్నూలు వెళ్తున్నాను. ఇంజను మాటిమాటికీ వేడెక్కుతోంది. దానికి తోడు డ్యాష్‌బోర్డు మీటర్లలో లైట్లు పోయాయి. పొద్దుగూకితే వేడి చూపే ముల్లు కనబడదు. అందుకని ఆళ్లగడ్డలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు దగ్గర ఆగాను.

మస్తాన్ అనే ఆ మెకానిక్ మీటర్లు ఊడదీసి బల్బులు మార్చాడు. కానీ మిట్టమధ్యాహ్నపు ఎండలో అవి వెలుగుతున్నాయో లేదో తెలియడం లేదు. ఎదురుగా టీ తాగుతున్న గొర్రెల కాపరిని పిలిచాడు.

"పెద్దాయనా, నీ కంబళి రోంతసేపు ఇయ్యి. కారులో చీకటి కావాల."

ముసలాయన కంబళి తెచ్చాడు గానీ చేతికివ్వలేదు. నా కాళ్ల వైపు చూశాడు.

"చెప్పులు ఇడిసి కూచోప్పా. ఇది మా దేవుని ముందర పరిచేది."

నాకు చిరాకేసింది. "నా కారులో నేను కూర్చోడానికా?" అన్నాను.

"కారు నీదేలేప్పా. కంబళి నాది గదా" అన్నాడు, కోపమేమీ లేకుండా.

మస్తాన్ అప్పటికే తన చెప్పులు బయట వదిలి ఎక్కాడు. నేనూ వదిలాను. డ్యాష్‌బోర్డు మీదుగా కంబళి కప్పుకుని, గొర్రెల వాసన వేసే ఆ చీకట్లో ఇద్దరం తలలు దూర్చాం. స్విచ్ వేయగానే మూడు మీటర్లూ పచ్చగా వెలిగాయి.

"వెలుగుతాండాయా?" బయటి నుంచి ముసలాయన అడిగాడు.

"వెలుగుతాండాయి" అన్నాను, నాకు తెలియకుండానే ఆయన యాసలో.

ఆ కారు ఎప్పుడో అమ్మేశాను. ఇప్పటికీ సాయంత్రం కారులో లైట్లు వేసేటప్పుడు నా ఎడమకాలు చెప్పులోంచి బయటికి వస్తుంది.