యంత్రానికి పెట్టించిన ఏసీ

పద్దెనిమిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నా బరువు చల్లగా ఉంటుంది. చిక్కంతా అదే.

కువైట్‌లో మా కంపెనీ ఓడల్లో సరుకు సర్దే సాఫ్ట్‌వేర్ రాసి అమ్మేది, లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో. దానికీ మన తెలుగులాగే యాసలున్నాయి. ఒక యాస ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తుంది. ఇంకొకటి తనకోసమే కట్టిన బీరువా అంత యంత్రం మీద తప్ప నోరు విప్పదు. ఆ యంత్రానికి విడిగా గది, గదికి ఏసీ కావాలి.

ఏది కొనాలో తేల్చే పని నాకు అప్పగించారు. రెండూ తెప్పించి పరీక్షించాను. మామూలు కంప్యూటరే ముందు పని ముగించింది. ఫలితాల కాగితాల మీద పేర్లు తారుమారు చేశాను. ఎందుకు? కువైట్‌లో ఖైతాన్ అనే పేటలో మా గదిలో ఎనిమిది మందిమి, ఒక్కటే ఫ్యాను. మధ్యాహ్నం ఒక గంట చల్లగా కునుకు తీద్దామని. అంతే.

ప్రోగ్రాం రాయాల్సిన కడప ఓబులేసు మామూలు కంప్యూటరే చాలన్నాడు. నా కాగితం చూసి తగ్గాడు. రెండేళ్లు అతను రాశాడు. నేను యంత్రం వెనక నిద్రపోయాను.

ఇరాక్ సైన్యం దిగింది. పదిమంది సైనికులు ఆ యంత్రాన్ని ట్యాంకుకు కట్టి లాక్కెళ్లారని ఊరంతా చెప్పాను. అబద్ధం. ఒకే ఒక్కడు ఫ్రిజ్ అనుకుని తలుపు తీశాడు, తిండి లేదని ఒక తన్ను తన్ని, ఏసీ పీక్కుపోయాడు. ఆ వేడికి యంత్రం చచ్చింది. ఓబులేసు తన రాతంతా ఉన్న టేపును నడుముకు కట్టుకుని, బట్టల పెట్టె ఎడారిలో వదిలేసి, జోర్డాన్ మీదుగా ఇల్లు చేరాడు. దాన్ని చదివే యంత్రం మళ్లీ దొరకలేదు. మామూలు యాసలో రాసి ఉంటే ఆ ప్రోగ్రాం కడపలోనే నడిచేదనీ, అతను ఇవాళ పెళ్లిపత్రికలు అచ్చువేసుకుంటూ కూర్చునేవాడు కాదనీ నాకు తెలియదా? తెలుసు.

మొన్న మే నెలలో అతని ఇంటికెళ్లాను. ఇల్లంతా కుంపటి. టేపున్న గదికి మాత్రం ఏసీ.

"వేడి తగిలితే పాడైపోతాదని నువ్వే చెప్తివి కదన్నా. పిల్లోళ్లు వరండాలో పండుకుంటార్లే."

"ఇంకా ఆశేనా ఓబులేసూ?"

"ఆ మిషను యాడో ఒకటి దొరక్కపోతాదా? నువ్వు ఎంచిందాంట్లో తప్పు లేదన్నా. యుద్ధమే మనల్ని ఖలాస్ చేసింది. పో, ఆ గదిలో పండుకోపో."

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవలింత వచ్చింది.

హాయిగా నిద్రపట్టింది. కాగితాలు మార్చడం కంటే అదే పెద్ద తప్పేమో.

మీకు చెప్పాక గుండె కాస్త తేలికపడింది. ఓబులేసుకూ చెప్తాను. ఈ ఎండాకాలం పోనీండి.