స్టీలు గ్లాసున్న సాకే సెట్టు

చనిపోయిన మనిషి కారు ఉంచుకుని, కప్పులు మాత్రం పారేయమనే శాస్త్రం మీకెవరు నేర్పారు?

నాకు పాత సాకే సెట్లు సేకరించే అలవాటుంది. సాకే అంటే జపాన్ వాళ్లు బియ్యంతో చేసే మద్యం. దానికోసం సన్నని మెడ ఉన్న చిన్న పింగాణీ కూజా, గుక్కెడు పట్టే కప్పులు. నేను మందు ముట్టను. ఆ కూజా అరచేతిలో ఒదిగే తీరు నాకిష్టం. ఇక్కడ అమెరికాలో, పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ దగ్గర, జనం ఇచ్చేసిన సామాను అమ్మే థ్రిఫ్ట్ స్టోర్ ఒకటుంది. శనివారం అక్కడికి వెళ్తే నాకు టైమ్ తెలియదు. ఎవరో ఎంగిలి చేసిన కప్పులు ఇంటికి తెస్తానని స్నేహితులు ముక్కు చిట్లిస్తారు. హోటల్లో వాళ్లకి రోజూ కొత్త కప్పుల్లోనే కాఫీ పోస్తున్నట్టు!

పోయిన చలికాలం అక్కడ ఒక నీలం కూజా కనిపించింది. టేపు చుట్టిన ఆ సెట్టులో పింగాణీ కప్పులు నాలుగే. ఐదోదాని చోట చిన్న స్టీలు గ్లాసు. తిప్పి చూస్తే, అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన తెలుగు అక్షరాలు. ఒక ఇంటిపేరు. మా కాంప్లెక్స్‌లో ఆ ఇంటిపేరు ఒక్కరిదే. అంతకుముందు నెల గుండెపోటుతో పోయిన ఇంజనీరుది.

ఆయన భార్య నన్ను అక్కా అని పిలుస్తుంది. కర్మకాండలు అయిన మర్నాడే వాళ్ల స్నేహితులు నల్ల సంచులతో వచ్చి ఆయన సామాను సర్ది, బయట ఇచ్చేశారని విన్నాను. పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉండకూడదట. ఆమెను పడగ్గదిలో కూర్చోబెట్టి, బయట పని కానిచ్చారు.

ఆ సాయంత్రమే సెట్టు పట్టుకుని వెళ్లాను. తోడుండటానికి షికాగో దగ్గరి నేపర్‌విల్ నుంచి వచ్చిన ఆయన అక్క తలుపు తీసింది.

"అయ్యో, ఇది మళ్లీ తెచ్చారా! పోయినవాడి సామాను, అందులోనూ మందు సామాను."

"కింద ఆయన కారు ఉందిగా. అందులోనే వెళ్లి గ్రోసరీస్ తెచ్చుకుంటున్నారు. ఈ దోషం ఖరీదు చూసి అంటుకుంటుందా?"

"మీకన్నీ వాదనలే. చూసినప్పుడల్లా ఏడుస్తుందని తీయించాం గానీ, దానిమీద మాకేమన్నా పగా?"

ఆ మాట నిజమే. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్లు కూడా వాచి ఉన్నాయి. తమ్ముడు పోయినావిడతో నేనింకేం వాదించను?

ఇంతలో ఆయన భార్య బయటికి వచ్చింది. బల్లమీది కూజాను చూసి అలాగే నిలబడిపోయింది.

"అందులో మందు ఎప్పుడూ పొయ్యలేదు వదినా," అంది. "మిరియాల చారు పోసుకునేవాళ్లం. స్నో పడితే చాలు, చారు పెట్టమని ఒకటే గొడవ. ఒక కప్పు నేను బ్రేక్ చేస్తే తన గ్లాసు తెచ్చి పెట్టాడు. ఇల్లంతా వెతికాను తెలుసా?"

"మమ్మల్ని అడగొచ్చుగా?"

"నన్నెవరు అడిగారు వదినా?"

ఆవిడ స్టీలు గ్లాసు తీసుకుని అక్షరాల మీద గోటితో రాసింది.

"ఇది అమ్మ చెక్కించింది. మా ఇద్దరికీ చెరొకటి. నాది ఎక్కడో పోయింది. సంచిలో ఇది ఉందని నాకు తెలీదే."

ఆవిడే వంటింట్లోకి వెళ్లి కప్పులన్నీ తోమింది. ఆవిడే చారు పెట్టింది. గ్లాసు దగ్గర మాత్రం కాసేపు తగువు నడిచింది.

"నువ్వు తాగవే."

"మీరు తాగండి వదినా, మీ అమ్మగారిదేగా."

చివరికి ఇద్దరూ ఒకే గ్లాసులో మార్చి మార్చి తాగారు. ఎంగిలి గురించి ఎవరూ ఎత్తలేదు. ఏడ్చారు కూడా. ఏడిస్తే ఏం? ఆయన్ని తలుచుకోవడం జబ్బు కాదు, మందేసి తగ్గించడానికి.

ఆచారం అనండి, స్నేహం అనండి, సామాను అలా తీసేయడం ఆమె ఇంట్లో ఆమెను అడగకుండా చేసిన పని. ఈసారి అలాంటి ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల సంచులు కారులోనే వదిలేయండి. ముందు ఆమెను అడగండి. ఏదీ తీయొద్దంటే, వంటింట్లోకి వెళ్లి చారు పెట్టండి.