కెనడా చెక్క, బాపు బాడిసె

మా బాపుకు కెనడా అంటే పడదు. ఆ దేశం ఎక్కడుందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. దేవరయాంజాల్‌లో బాడిసె పట్టి వడ్ల పని, అంటే వడ్రంగం, చేసుకునే మనిషికి అంత దూరం దేశంతో పేచీ వచ్చింది చెక్క దగ్గరే.

అవి యుద్ధం రోజులు. బొల్లారం మిలిటరీ వాళ్లకు ఓడల మీద వచ్చే సామాను పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో వచ్చేది. ఖాళీ పెట్టెలు విప్పి పలకలు జనానికి ఇచ్చేసేవారు. తెల్లగా, తేలికగా, దేవదారు జాతి చెక్క. దాని మీది ఇంగ్లీషు అక్షరాలు ఎవరో చదివి, కెనడా నుంచి వచ్చిందని బాపుకు చెప్పారు. అదే రోజుల్లో మేడ్చల్ స్టేషన్ మీదుగా మన టేకు దుంగలు గూడ్సు బండ్లలో ఎటో పోతుండేవి. రెండూ కళ్లారా చూసిన బాపు, రెండు దేశాల మధ్య ఏదో బేరం జరిగిందని, అందులో మనం నిలువునా మునిగామని తేల్చేశాడు.

"టేకు గుంజుకపోయి బెండు ఇస్తాండ్రు. గీ బేరం కుదిర్చినోనికి కట్టె తెల్వది" అనేవాడు.

అనడంతో ఆగితే బాగుండేది. నిజాం రాజ్యం పొలిమేరల్లో సరుకు మీద సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలు ఉండేవి. అలాంటి నాకా ఒకటి బాపు తను పనిచేసే కొట్టం ముందు పెట్టాడు. పరదేశపు పలక లోపలికి రావాలంటే, పలకకో తుమ్మ మొద్దు తెచ్చి వాకిట్లో వేయాలి. మొద్దు లేకపోతే పలక వెనక్కే. జనం నవ్వుకుంటూనే తెచ్చి వేసేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా కాపురం ఊళ్లోనే, మూడిళ్ల అవతల. అమ్మ పోయాక బాపు వాకిలి ఊడ్చేది నేనే, ఆ మొద్దులు పక్కకు జరిపేదీ నేనే.

ఒకనాడు షామీర్‌పేట దారిలోని చర్చి పెద్ద ఆరు పలకలు, ఆరు మొద్దులు బండిలో వేసుకొని వచ్చాడు. క్రిస్మస్‌కు బెంచీ కావాలన్నాడు.

"గీ చెక్కతోని జేస్తె పాట అయిపోకముందే కూలుతది అన్నా" అన్నాడు బాపు.

"నీ చెయ్యి పడ్డది ఏది కూలింది తమ్మీ?"

పొగిడితే మా బాపుకు ఒళ్లు తెలియదు. "పండుగనాడు గా బెంచీ నిలవడ్డదనుకో, ఇగ జన్మల బాడిసె ముట్టనే ముట్ట" అనేశాడు.

అన్నాక నా వైపు చూశాడు. నేను చీపురు కింద పడేసి నెత్తి కొట్టుకున్నాను. ఆ బెంచీ చేయాల్సింది ఆయనే. అది కూలితే ఆయన పేరు పోతుంది, నిలిస్తే ఆయన పనే పోతుంది. ఇంత తెలివితక్కువ పందెం మేడ్చల్ చుట్టుపక్కల ఇంకెవరూ కాసి ఉండరు.

మొదటి దెబ్బే నవ్వులాట అయింది. తుమ్మ మీద వేసే అలవాటుతో బాడిసె ఎత్తి బలంగా వేశాడు. అది పలకను చీల్చుకొని కిందున్న మొద్దులో దిగబడింది. ఇద్దరం కలిసి గుంజితే గానీ ఊడి రాలేదు. "కట్టె గాదిది, సొరకాయ" అని తిట్టాడు. దాని వాసన దవాఖానలా ఉందని ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు.

ఆయన అసలు కష్టం నాకు మూడోనాడు అర్థమైంది. చెడగొట్టడం ఆయనకు చేతకావడం లేదు.

"జరంత వదులుగ బిగియ్యి బాపూ. కూలితె కూలనీ, పనన్న దక్కుతది" అన్నాను.

"వదులుగ ఎట్ల బిగిస్తరో నాకు రాదు బిడ్డా" అన్నాడు. నిజంగానే రాదు.

పండుగనాడు చర్చిలో వెనక గోడకు ఆనుకొని ఇద్దరం నిలబడ్డాం. బెంచీ మీద నలుగురు కూర్చున్నారు. ఐదో మనిషిగా లాల్‌గడి మలక్‌పేట్ మంత్రసాని వచ్చింది. ఆమె వెనక ఎక్కితే ఎడ్లబండి కాడి పైకి లేస్తుందని చెప్పుకునేవారు. బెంచీ విరిగిపోవాలని నాది కాని దేవుడికి ఆ రోజు గట్టిగా మొక్కాను. ఆమె కూర్చుంది. బెంచీ కిర్రుమంది. పాటకు అందరూ లేచారు, కూర్చున్నారు, మళ్లీ లేచారు. ప్రతిసారీ బాపు నా భుజం నలిపేశాడు. చివరి ప్రార్థన కూడా అయిపోయింది. బెంచీ చెక్కు చెదరలేదు.

"సూసినవా బిడ్డా, నిలవడ్డది" అన్నాడు బాపు, ముఖమంతా వెలిగిపోతూ. ఆ తర్వాత గుర్తొచ్చింది ఆయనకు.

చర్చి పెద్ద మంచివాడు. "మాటవరుసకు అన్నవు తమ్మీ, ఇడిసెయ్యి" అని బతిమాలాడు. బాపు వినలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. కొట్టంలో ఎవరిదో నాగలి సగంలో ఆగిపోయింది. నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. మూడోనాడు బాడిసె నేనే తీశాను.

"యాడ గొట్టాల్నో చెప్పు" అన్నాను.

మిగిలిన కెనడా ముక్కల మీదే పని నేర్చుకున్నాను. తుమ్మతో మొదలుపెడితే ఒక్క పూటలో పారిపోయేదాన్ని. ఆ మెత్తటి చెక్క నా తప్పులన్నీ ఓర్చుకుంది. పొరపాటున బాడిసె తగలకుండా బాపు చేతులు వెనక్కి కట్టుకొని, అరుగు మీద కూర్చొని పొద్దంతా నన్ను తిట్టేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఏడాది తిరిగాక, నాగారం నుంచి ఒక రైతు విరిగిన గుంటక మోసుకొచ్చి ఎప్పటిలాగే బాపు ముందు దించబోయాడు. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నన్నెందుకు అడుగుతవ్? వడ్లామె లోపలుంది. ఆమెకు తీరిక ఉన్నదో లేదో అడిగి దించు."

లోపల నాకు ఆ మాట వినబడి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకొని బయటికొచ్చి, ఎల్లుండి రమ్మని చెప్పాను.