నోరీన్ తూటాలకు పట్టిన గులాబీ రంగు

మోంటానాలో, లూయిస్‌టౌన్ పొలిమేరలో ఉండే వెర్లిన్ హౌగెన్‌కు ఇత్తడి పిచ్చి. కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి, మళ్లీ మందూ గుండూ కూరి వాడుకోవడం మా చుట్టుపక్కల చాలామంది చేసే పనే. మట్టి పోతే చాలనుకుంటాం మేం. వెర్లిన్‌కు మాత్రం అందులో తన మొహం కనబడాలి. ఆ మొహంలో అంత చూడదగ్గదేముందో మాకెవరికీ బోధపడలేదు.

ఆయన షెడ్డులో మొక్కజొన్న కండెల నూక పోసిన డబ్బా ఒకటి పొద్దస్తమానం గరగరలాడుతూ తిరుగుతుంది. గొట్టాలకు మెరుగు పెట్టేది అదే.

"నీ తూటా చూసి దుప్పి తల దువ్వుకుంటుందేంట్రా?" అంటాడు తుపాకుల కొట్టు డ్వేన్.

"కొట్లో కొన్న తూటాలు కాల్చేవాళ్లతో నాకు మాటలేంటి?" అని వెర్లిన్ మూతి తిప్పుకుంటాడు.

ఆ ఏడు ఆయన భార్య నోరీన్‌కు ఎల్క్ దుప్పిని వేటాడే అనుమతికి తీసే లాటరీలో పేరొచ్చింది. ఏళ్ల తరబడి దరఖాస్తు పెట్టగా పెట్టగా ఇప్పటికి. చనిపోయిన వాళ్ల నాన్న తుపాకీతోనే వేటాడాలని ఆవిడ పట్టుదల. ఆ పాతకాలపు తుపాకీకి సరిపడే తూటాలు ఇప్పుడెక్కడా దొరకవు, వాళ్ల నాన్న దాచిపెట్టిన గొట్టాలే దిక్కు. వాటిని వెర్లిన్ చేతిలో పెడుతూ, "మట్టి పోతే చాలు, నీ సింగారాలు వద్దు," అని మరీ చెప్పింది.

చెబితే వింటే ఆయన వెర్లిన్ ఎందుకవుతాడు? వేడినీళ్లలో నిమ్మ ఉప్పు చిటికెడు వేసి, గొట్టాల్ని కాసేపుంచి తీసెయ్యాలి. ఆయన చెంచా నిండా, గుట్టగా వేశాడు. ఈలోగా టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైంది. చూస్తూ చూస్తూ సోఫాలోనే గుర్రు పెట్టాడు.

తెల్లారి చూస్తే గొట్టాలన్నీ గులాబీ రంగు తిరిగాయి. పులుపుకు ఇత్తడిలోని జింకు కరిగిపోతే మిగిలేది రాగి రంగే. పైపైన అయితే ఫరవాలేదు. లోపలిదాకా దిగితే గొట్టం పెళుసు బారుతుంది, పేలినప్పుడు చీలవచ్చు. ఎంత దిగిందో చూస్తే తెలియదు. వెర్లిన్ ఏం చేస్తాడు, అలవాటైన పనే చేశాడు. డబ్బాలో వేసి తిప్పాడు. మధ్యాహ్నానికి బంగారంలా వచ్చాయి.

నోరీన్ వంటింటి బల్ల దగ్గర ఒకటి తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూసింది. "వద్దన్నాను గానీ, బావున్నాయి వెర్లిన్. నాన్న చూసుంటే మురిసిపోయేవాడు."

పెళ్లయినప్పటి నుంచీ ఆయన ఎదురుచూసిన మెచ్చుకోలు అది. తీరా వచ్చాక ఆయన చూపు ఆవిడ చెంప మీద పడింది. కాల్చేటప్పుడు ఆ గొట్టం ఉండేది ఆవిడ చెంపకు జానెడు దూరంలో. షెడ్డుకు వెళ్లి పట్టకారు తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"రాత్రంతా పులుపులో ఉండిపోయాయి. రంగు తిరిగిపోయాయి. నీకు తెలియకుండా పైన మెరుగు పెట్టాను," అన్నాడు.

చెడిన గొట్టాన్ని మూతి నొక్కి పారేయడం మా పద్ధతి, పొరబాటున ఇంకెవరూ వాడకుండా. వెర్లిన్ ఒకదాన్ని పట్టకారులో పెట్టాడు గానీ చెయ్యి బిగియలేదు. నోరీన్ కళ్లు తుడుచుకుని పట్టకారు లాక్కుంది.

"ఇటివ్వు. మా నాన్న పెంచింది నన్ను, వీటిని కాదు." ఒక్కొక్కటే అన్నీ తనే నొక్కింది. "ఇక వేటకు నీ తుపాకీ నాకిస్తావు. తూటాలు మాత్రం నువ్వు చేసినవి వద్దు. డ్వేన్ కొట్లో కొనుక్కురా. ఎందుకని అడుగుతాడు, మొత్తం చెప్పు."

వెర్లిన్ టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

డ్వేన్ అడగనే అడిగాడు. వెర్లిన్ ఏమీ దాచకుండా చెప్పాడు. కాఫీ తాగుతూ మేం నలుగురం అక్కడే ఉన్నాం, ఒక్కరమూ నవ్వలేదు. డ్వేన్ తూటాల పెట్టెను, దారిలో ఎవరికీ కనబడకుండా, కాగితంలో చుట్టి ఆయన చేతికిచ్చాడు.